ఇంజన్ ఎందుకు లాగట్లేదు?

వయసు మళ్లిన బోటు మోటారుకు బలం ఎక్కడ పోతోంది? ఎచ్చెర్ల తీరంలో ఈ ప్రశ్నకు జవాబు కెరటం దాటకముందే తెలియాలి

ఎచ్చెర్ల అనగానే చాలామందికి జాతీయ రహదారి, దాని పక్కన అంబేడ్కర్ విశ్వవిద్యాలయం గుర్తుకొస్తాయి. రహదారి వదిలి తూర్పుకు మళ్లితే అదే మండలంలో మరో లోకం. బుడగట్లపాలెం, డి.మత్స్యలేశం, బడివానిపేట. సరుగుడు తోటలు దాటగానే ఇసుక, ఇసుక మీద ఫైబర్ బోట్లు, వాటి పక్కన ఆరేసిన వలలు. ఇక్కడ ఇసుకే రేవు. వేటకెళ్లాలంటే బోటును భుజాలు ఆనించి నీళ్లలోకి తొయ్యాలి. విరుచుకుపడే కెరటాలకు ఎదురుగా ముక్కు పెట్టి అవతలికి పోవాలి. వచ్చేటప్పుడు చేపల బరువుతో అవే కెరటాల మీదుగా ఒడ్డెక్కాలి.

ఆ రెండు గండాలకూ ఆధారం బోటు వెనక బిగించిన తొమ్మిది, పది హెచ్‌పీ మోటారు. నడిసముద్రంలో అది కాస్త నీరసపడితే ఇంటికి ఆలస్యంగా వస్తారు. కెరటం విరిగేచోట నీరసపడితే మాత్రం బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటును వెనకే వచ్చే కెరటం బోర్లా వేస్తుంది. వల పోతుంది, ఇంజన్ మునుగుతుంది, ఒక్కోసారి మనిషే దక్కడు.

‘ఏటి మావా, ఇంజిన్ లాగట్లేదేటి?’ అని ఒడ్డున వినిపించే మాట వెనక ఇంత ఉంది. ఆ మాట వినగానే ఎక్కువచోట్ల హెడ్డు విప్పేస్తారు. రింగులు మారుస్తారు. వేలకు వేలు ఖర్చయ్యాక కూడా ఇంజన్ మునుపటిలాగే మూలుగుతూ ఉంటుంది. పాత మోటారు పోగొట్టుకున్న బలంలో పెద్ద భాగం సిలిండర్ బయటే ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. నీటిని తోసి బోటును నడిపే ఫ్యాను దగ్గర, పెట్రోలు గొట్టంలో, నీళ్ల పంపులో, చివరికి బోటు అడుగున. పానా పట్టుకోకముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. అవి వరసలో అడిగితే సగం రోగాలు ఇసుక మీదే దొరికిపోతాయి.

తెలియకుండా పోయే బలం

బలం తగ్గిందని అంత ఆలస్యంగా ఎందుకు తెలుస్తుంది? దాని వెనక ఒక లెక్క ఉంది. నీళ్లలో వేగం కొంచెం పెంచాలన్నా శక్తి చాలా ఎక్కువ కావాలి. స్థూలంగా ఆ శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. దీన్నే తిరగేసి చూడండి. పది హెచ్‌పీ ఇంజన్ రెండు హెచ్‌పీ పోగొట్టుకున్నా, అంటే ఐదో వంతు బలం పోయినా, నిమ్మళంగా ఉన్న నీళ్లలో వేగం తగ్గేది ఏడు శాతమే. గంటకు 12 కిలోమీటర్లు పోయే బోటు 11 పోతుంది. ఆ తేడాను గాలి మీదికో, నీటి లాగుడు మీదికో నెట్టేస్తాం. రోజువారీ వేటలో ఎవరికీ అనుమానం రాదు. బోటు నిండా బరువుండి, ఎదురుగా కెరటం లేచి, ఉన్న బలమంతా ఒక్కసారిగా కావలసినప్పుడు ఆ పోయిన రెండు హెచ్‌పీ గుర్తుకొస్తుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

అందుకని కొలత కావాలి. పెద్ద పరికరాలు అక్కర్లేదు, జేబులో ఉన్న ఫోనులోని జీపీఎస్ చాలు. ఇంజన్ బాగున్న రోజుల్లో, ఖాళీ బోటుతో, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒడ్డుకు సమాంతరంగా ఒకసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి పోయి రెండు వేగాలూ చూసి సగటు తీసుకోవాలి. రెండువైపులా పోవడం నీటి లాగుడును కొట్టేయడానికి. ఆ అంకెను ఇంట్లో గోడ మీదో, ఇంజన్ పెట్టె మూత లోపలో రాసి ఉంచితే, ఏడాది తర్వాత అదే పరీక్ష చేసినప్పుడు ఇంజన్ నిజం చెబుతుంది. ఇంజన్ వేగం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే చిన్న టాకోమీటర్ కూడా ఉంటే ఇంకా మంచిది. ప్లగ్గు తీగకు చుట్టుకునే రకాలు ఉన్నాయి, ఇంజన్ విప్పకుండానే పని చేస్తాయి.

బోటును కూడా అనుమానించాలి. ఫైబర్ బోటు గోడకు చిన్న పగులు వచ్చినా లోపల నింపిన ఫోములోకి, చెక్కలోకి నీరు చేరుతుంది. పైకి పొడిగానే కనిపిస్తుంది, లోపల మాత్రం తడి బరువు ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఒకప్పుడు నలుగురు తోసిన బోటు ఇప్పుడు ఆరుగురికి గాని కదలట్లేదంటే తప్పు మోటారుది కాకపోవచ్చు. అతుకుల మీద అతుకులు వేసిన అడుగు కూడా నీటిని పట్టి లాగుతుంది.

అరుస్తోందా, మూలుగుతోందా?

1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ తన బోటు మోటారును జనంలోకి తెచ్చినప్పటి నుంచి దీని నిర్మాణం పెద్దగా మారలేదు. పైన ఇంజన్, మధ్యలో నిలువు షాఫ్టు, అడుగున గేర్లు, చివర ఫ్యాను. బలం పోయిందంటే ఈ దారిలో ఎక్కడో పోవాలి. కాబట్టి అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇది: థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు ఇంజన్ అరుస్తోందా, మూలుగుతోందా?

ఇంజన్ మామూలుకంటే గట్టిగా అరుస్తూ బోటు మాత్రం కదలకపోతే పైన ఇంజన్‌లో జబ్బేమీ లేదు. బలం పుడుతోంది, నీళ్లకు చేరట్లేదు. ఫ్యాను మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది. ఫ్యాను రాయికో, దుంగకో తగిలినప్పుడు గేర్లు విరగకుండా ఆ రబ్బరు జారుతుంది. వయసు మీదపడేకొద్దీ అది బిగువు తప్పి, ఏ దెబ్బా తగలకపోయినా బరువు పడగానే జారడం మొదలుపెడుతుంది. నెమ్మదిగా పోతే బాగానే ఉంటుంది, థ్రాటిల్ పెంచగానే అరుపే మిగులుతుంది. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. లోపలి ఇత్తడి బుష్ మీదుగా బయటి హబ్ మీదికి రంగుతో తిన్నగా ఒక గీత గీసి, బోటును గట్టిగా ఒకసారి తిప్పి తెచ్చి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే రోగం దొరికినట్టే. ఫ్యాను మారిస్తే సరిపోయేదానికి ఇంజన్ విప్పక్కర్లేదు.

ఫ్యాను విప్పినప్పుడు దాని వెనక షాఫ్టు చుట్టూ ఏముందో తప్పక చూడాలి. తెగిన వల నైలాను దారం అక్కడ చేరి, తిరిగి తిరిగి, వేడికి కరిగి, గట్టి ప్లాస్టిక్ కమ్మీలా మారుతుంది. చాకుతో కోస్తే గాని రాదు. కోసి తీశాక దాని కింద సీలు అంచు నలిగి, గీరుకుపోయి కనిపిస్తుంది. ఆ దారి వెంట ఉప్పునీరు గేరుపెట్టెలోకి పోతుంది. గేరుపెట్టె కింది స్క్రూ వదులు చేసి రెండు చుక్కల నూనె వేలి మీద వేసుకోండి. పసుపు, గోధుమ రంగులో జిగురుగా ఉంటే సరే. పాలలా తెల్లగా ఉంటే లోపల నీరు చేరింది. అలాంటి నూనెతో నడిపితే బేరింగులు తుప్పుపట్టి, గేర్లు గీరుకుని, ఇంజన్ పుట్టించిన బలంలో కొంత అక్కడే వేడిగా పోతుంది. వల దారం చేసే ఈ పని ఈ తీరంలో తప్పించుకోలేనిది. వారానికోసారి ఫ్యాను విప్పి చూడటం ఒక్కటే దారి.

ఇసుక చేసేది ఇంకోటి. రోజూ ఒడ్డు దగ్గర ఇసుక కలిసిన నీళ్లలో తిరిగే అల్యూమినియం రెక్కలు అంచులు అరిగి కాగితంలా పలచబడతాయి. రెక్క చివర్లు కొద్దిగా పోయినా పట్టు పోతుంది. కొత్త ఫ్యాను పక్కన పెట్టి చూస్తే గాని ఆ తేడా కంటికి ఆనదు.

ఇక ఇంజన్ అరవకుండా మూలుగుతుంటే, అంటే చుట్లు పెరగనంటుంటే, అప్పుడు పైకి చూడాలి. అయితే ముందు ఒక చిన్న పని. కవరు తీసి, ఒకరు థ్రాటిల్ పూర్తిగా తిప్పుతుంటే ఇంకొకరు కార్బురేటర్ దగ్గర రెక్క నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా చూడాలి. పాత కేబులు సాగిపోయి ముప్పావే తెరుచుకునే ఇంజన్లు ఉంటాయి. నట్టు ఒకటి బిగిస్తే పోయిన బలం తిరిగొస్తుంది. ఇంత చిన్న సంగతిని అందరూ వదిలేసి నేరుగా రింగుల దగ్గరికి పోవడం నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

పెట్రోలు దారిలో

ఒడ్డున బాగా స్టార్టవుతుంది, పావుగంట దాకా బాగా లాగుతుంది, ఆ తర్వాత మెల్లగా నీరసపడి ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్లీ మామూలే. ఈ లక్షణం పాత మోటార్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మెకానిక్‌ను అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేది కూడా ఇదే. ఎందుకంటే ఒకే లక్షణానికి వెనక రెండు వేరే వేరే కారణాలున్నాయి.

మొదటిది ట్యాంకు మూత. మూతకు గాలి పోయే చిన్న మర ఉంటుంది. అది బిగించి మరిచిపోయినా, ఉప్పు పట్టి మూసుకుపోయినా, పెట్రోలు ఖాళీ అవుతున్నకొద్దీ ట్యాంకులోకి గాలి రాక లోపల వెలితి ఏర్పడుతుంది. పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. రెండోది ఇగ్నిషన్ కాయిల్. చల్లగా ఉన్నంతసేపు బాగానే నిప్పురవ్వ ఇస్తుంది. వేడెక్కాక లోపలి ఇన్సులేషన్ చీలికల్లోంచి విద్యుత్తు దారితప్పుతుంది. చల్లారాక మళ్లీ మంచిదైపోతుంది. ఈ రెంటినీ విడదీయడానికి ఒకటే సమయం, ఇంజన్ ఆగిన ఆ క్షణం. తాడు లాగకండి, ప్లగ్గులు విప్పకండి, మొదట ట్యాంకు మూత తిప్పండి. బుస్సున గాలి లోపలికి పోయిన చప్పుడు వినిపించి, ఇంజన్ వెంటనే అందుకుంటే తప్పు మూతది. చప్పుడు లేకుండా, అరగంట చల్లారితే గాని అందుకోకపోతే కాయిల్‌నో, దానికి విద్యుత్తు పంపే సీడీఐ పెట్టెనో అనుమానించాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. కాని ఆ క్షణంలో కంగారుపడి నాలుగు పనులు ఒకేసారి చేస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పాత మోటారు దగ్గర పనిచేసేవాళ్లకు ఇంతకంటే ముఖ్యమైన నియమం లేదు.

ఇంజన్ ఆగకుండా నీరసంగానే నడుస్తుంటే, అలా నడుస్తున్నప్పుడే గొట్టం మధ్యలోని రబ్బరు బల్బును చేత్తో నొక్కండి. నొక్కుతున్నంతసేపు చుట్లు పెరిగితే పెట్రోలు చాలట్లేదు. పెట్రోలు పంపులోని పలచటి పొర పగిలిందో, గొట్టం లోపలిపొర ఊడి దారి మూసిందో, కలిపేచోట రబ్బరు రింగు అరిగి గాలి పీలుస్తోందో చూడాలి. బల్బు నొక్కినా మార్పు లేకపోతే చోక్ కొంచెం లాగి చూడండి. చోక్ లాగితే ఊపందుకునే ఇంజన్‌కు పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవుతోందన్నమాట, కార్బురేటర్ జెట్‌లో చెత్త ఇరుక్కుని ఉంటుంది. పలచటి మిశ్రమంతో ఇంజన్‌ను అలాగే లాగిస్తే బలం తగ్గడంతో ఆగదు, పిస్టన్ తల కరుగుతుంది. పెట్రోలులోనే నూనె కలిసి వచ్చే టూ-స్ట్రోక్‌లో పెట్రోలు తగ్గిందంటే నూనె కూడా తగ్గినట్టే.

ఇక్కడ కొత్తగా వచ్చిన ఇబ్బంది ఒకటుంది. బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2022లో పది శాతం, 2025 నాటికి ఇరవై. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుతో పోలిస్తే మూడో వంతు తక్కువ. లెక్కేస్తే ఇరవై శాతం కలిపిన లీటరులో ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. మిశ్రమం కూడా కొంత పలచబడుతుంది. కొత్త కార్లలో కంప్యూటరు సర్దుకుంటుంది. ఇరవై ఏళ్ల నాటి కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సముద్రపు ఒడ్డున తేమకు కరువా? నిల్వ ఉన్న డబ్బాలో నీటి పాలు మరీ ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుక్కి చేరతాయి. ట్యాంకు గొట్టం పీల్చేది అడుగు నుంచే. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పంపు పొరలు దీనివల్ల ఉబ్బి మెత్తబడతాయి. పెట్రోలును వారాల తరబడి నిల్వ ఉంచకపోవడం, పారదర్శకమైన సీసాలో కొంచెం పోసి రాత్రంతా ఉంచి అడుగున వేరే పొర తేరుతోందేమో చూడటం, ఇథనాల్ తట్టుకునే గొట్టాలు వేయించడం, ఈ మూడూ ఇప్పుడు అవసరాలే.

రెండు సిలిండర్లు, ఒకటే పని

చిన్న మోటార్లలో చాలావాటికి రెండు సిలిండర్లు. వాటిలో ఒకటి చచ్చిపోయినా ఇంజన్ ఆగదు. నడుస్తుంది, వణుకుతుంది, సగం బలం కూడా ఇవ్వదు. ఏది పనిచేయట్లేదో కనుక్కోవడానికి నెమ్మదిగా నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు క్యాపు తీసి చూస్తారు. బాగున్న సిలిండర్ క్యాపు తీస్తే ఇంజన్ తడబడుతుంది. చచ్చిన సిలిండర్ క్యాపు తీస్తే ఏ మార్పూ ఉండదు. ఈ పనిలో జాగ్రత్త అవసరం. క్యాపును రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకోవాలి. తీసిన తీగను ఇంజన్ బాడీకి తాకించి ఉంచాలి, గాలిలో వదిలితే సీడీఐ కాలిపోయే ప్రమాదం ఉంది. చుట్టుపక్కల పెట్రోలు ఒలికి ఉండకూడదు.

తీసిన ప్లగ్గులను పక్కపక్కన పెట్టి చూడటం ఒక విద్య. లేత గోధుమ రంగు ఆరోగ్యం. తడిగా, నల్లగా జిడ్డు పట్టి ఉంటే అక్కడ నిప్పురవ్వ సరిగ్గా పడట్లేదు, లేదా నూనె ఎక్కువ. తెల్లగా బొబ్బలెక్కినట్టుంటే మిశ్రమం పలచబడి వేడి పెరుగుతోంది. ఒక ప్లగ్గు మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే అనుమానం పెంచుకోవాలి. హెడ్ గ్యాస్కెట్ కారి సిలిండర్‌లోకి నీరు పోతుంటే ఆ నీరు ఆవిరై మసిని కడిగేస్తుంది.

పెట్రోలుతో స్టార్టు చేసి వేడెక్కాక కిరోసిన్‌కి మార్చే మోటార్లున్నవాళ్లు మసి సంగతి ఎప్పుడూ మరవకూడదు. కిరోసిన్ పూర్తిగా మండదు. పిస్టన్ మీద, పొగ పోయే కంతల్లో బొగ్గు పేరుకుంటుంది, రింగులు గాడుల్లోనే అతుక్కుపోతాయి. అతుక్కున్న రింగు అరిగిన రింగుతో సమానం, బలాన్ని కిందికి వదిలేస్తుంది. ఒడ్డుకు వచ్చేముందు కొంతసేపు పెట్రోలు మీద నడిపి ఆపడం దీనికి పాత మందు, ఇప్పటికీ మంచి మందు.

ఇసుక తినే పంపు

ఫ్యానుకు పైన, నీళ్లలో మునిగి ఉండే మోటారు కాలు లోపల, రబ్బరు రెక్కల చిన్న చక్రం ఉంటుంది. సముద్రపు నీటిని పైకి తోసి ఇంజన్‌ను చల్లబరిచేది అదే. జెట్టీ ఉన్నచోట అది ఏళ్లు వస్తుంది. ఇసుక మీద నుంచి దిగి, ఇసుక కలిసిన కెరటాల్లోంచి పోయి, మళ్లీ ఇసుక మీదికి వచ్చే మన మోటార్లలో దాని ఆయుష్షు చాలా తక్కువ. రెక్కలు అరుగుతాయి, ఒకవైపు వంగి అలాగే గట్టిపడతాయి.

ఇంజన్ వెనక సన్నగా చిమ్మే నీటిధార దాని ఆరోగ్యాన్ని చెబుతుంది. ధార బలంగా, చేయి పెడితే గోరువెచ్చగా ఉండాలి. సన్నగిల్లితే మొదట ఆ రంధ్రంలో తీగ దూర్చి ఇసుక, ఉప్పు తీయాలి. అప్పటికీ బలహీనంగా ఉంటే పంపు విప్పాలి. ధార బాగున్నా ఇంజన్ వేడెక్కుతుంటే లోపలి నీటి దారుల్లో ఉప్పు గడ్డకట్టిందన్నమాట. వేడెక్కిన ఇంజన్‌లో పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ను ఒరుసుకుంటుంది, బలం తగ్గుతుంది. అక్కడితో ఆపేస్తే బతుకుతుంది, ఇంకొంచెం దూరమే కదా అని లాగిస్తే పట్టేస్తుంది.

దీనికి మందు మంచినీళ్లు. రోజూ వేట అయ్యాక మోటారు కాలును మంచినీళ్ల డ్రమ్ములో ముంచి పది పదిహేను నిమిషాలు నడిపితే ఉప్పు కరిగి పోతుంది. చెప్పడం తేలిక. తెల్లారుజామున పోయి ఎండెక్కాక అలసి వచ్చినవాళ్లు, చేపలు ముందు అమ్ముకోవాలి, వల బాగు చేసుకోవాలి, ఆ తర్వాత డ్రమ్ము నింపాలి. ఒడ్డునే మంచినీటి కుళాయి, రెండు డ్రమ్ములు ఉంటే ఈ ఊళ్ల ఇంజన్ల ఆయుష్షు ఎంత పెరుగుతుందో! అంత చిన్న ఏర్పాటు కోసం ఎవరూ గట్టిగా అడగకపోవడమే విచారం.

కెరటంలో మునిగిన ఇంజన్‌ది వేరే కథ. గంటలు గడవకముందే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి, లోపలి నీరు కారిపోయేలా తిప్పి, నూనె పోసి, నడిపించాలి. ‘రేపు చూద్దాం’ అని వదిలేస్తే నడుస్తుంది గాని, క్రాంకు బేరింగుల మీద తుప్పు చుక్కలు పడిపోతాయి. నెలల తర్వాత బలం తగ్గినప్పుడు ఆ మునక సంగతి ఎవరికీ గుర్తుండదు. కాబట్టి పాత ఇంజన్ తెచ్చినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి: ఇది ఎప్పుడైనా మునిగిందా, మునిగిన రోజునే కడిగారా?

చివరికి సిలిండర్

పైవన్నీ చూశాకే కంప్రెషన్ గేజి బయటికి తీయాలి. ఇంజన్ వెచ్చగా ఉండగా రెండు ప్లగ్గులూ విప్పి, తీగలు బాడీకి తాకించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి బిగించి తాడు నాలుగైదుసార్లు గట్టిగా లాగాలి. ఆరోగ్యంగా ఉన్న చిన్న పెట్రోలు టూ-స్ట్రోక్ వంద నుంచి నూట ఇరవై పీఎస్ఐ దాకా చూపిస్తుంది. కిరోసిన్ రకాలు తయారీలోనే తక్కువ ఒత్తిడివి, వాటికి కంపెనీ పుస్తకమే ప్రమాణం. అసలు అంకె కంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. పది శాతం లోపు ఉంటే లోపల దిగులు లేదు, బయట ఇంకా వెతకాలి. ఒకటి 110, ఇంకొకటి 70 అంటే అప్పుడు హెడ్డు విప్పడానికి కారణం దొరికినట్టు. గేజి ఖరీదు ఒక రోజు పెట్రోలు ఖర్చుకు దగ్గర్లో ఉంటుంది. అది లేకుండా రింగులు మార్చమనే మెకానిక్‌ను ఎందుకని అడిగే హక్కు బోటు యజమానికి ఉంది.

పొగ చెప్పే మాట

ఇప్పటిదాకా చెప్పింది పెట్రోలు, కిరోసిన్ మోటార్ల సంగతి. గాలితో చల్లారే ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్‌కు పొడవాటి షాఫ్టు బిగించిన బోట్లు కూడా మన తీరంలో ఉన్నాయి. డీజిల్ మీద లీటరుకు తొమ్మిది రూపాయల రాయితీ దొరకడం కూడా వాటికి కలిసొచ్చింది. వీటికి ప్లగ్గు లేదు, కార్బురేటర్ లేదు, నీళ్ల పంపూ లేదు. మాట్లాడేది పొగ.

బరువు మీద నల్లటి పొగ వస్తే మండాల్సిన డీజిల్‌కు తగ్గ గాలి అందట్లేదు. గాలి వడపోత ఉప్పు తేమకు తడిసి ముద్దయిందేమో, ఇంజెక్టర్ తుంపరలుగా చిమ్మకుండా కారుస్తోందేమో, ఫ్యాను ఇంజన్ శక్తికి మించిందేమో చూడాలి. వేడెక్కాక కూడా తెల్లటి పొగ వదలకపోతే డీజిల్‌లో నీరో, ఇంజెక్షన్ సమయం తప్పడమో కారణం. నీలం పొగ అంటే నూనె మండుతోంది, రింగులో, వాల్వు గైడులో అరిగాయి. సిలిండర్ చుట్టూ ఉండే రెక్కల సందుల్లో ఉప్పు, నూనె, చేప పొలుసులు కలిసి పేరుకుంటే గాలి తగలక ఇంజన్ ఉడికిపోతుంది. కుచ్చు బ్రష్‌తో శుభ్రం చేస్తే పోయే రోగం అది. వాల్వు క్లియరెన్సు ఏళ్ల తరబడి చూడని ఇంజన్లు చాలా ఉంటాయి. ఆ సర్దుబాటు తెలిసిన చేతికి అరగంట పని.

అరవై ఒక్క రోజులు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరపడవలు 61 రోజులు ఒడ్డునే ఉంటాయి. ఈ కాలానికి కుటుంబానికి 20 వేల రూపాయలిచ్చే ‘మత్స్యకార సేవలో’ పథకాన్ని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఏప్రిల్ 26న ప్రారంభించింది బుడగట్లపాలెంలోనే. ఆ డబ్బు ఇంటి ఖర్చులకే చాలదు, ఇంజన్ మీద పెట్టమని చెప్పడానికి నాకు నోరు రాదు. కాని ఆ రెండు నెలల కాలం మాత్రం ఇంజన్‌కు దొరికే ఒకే ఒక్క విశ్రాంతి. చాలాచోట్ల అది ఇసుకలోనో, పాక మూలనో, లోపలి పెట్రోలు జిగురైపోతూ గడిచిపోతుంది. నిషేధం మొదలైన వారంలో కార్బురేటర్ ఖాళీ చేసి, ప్లగ్గు కంతల్లో చెంచాడు నూనె పోసి తిప్పి ఉంచితే జూన్‌లో తలనొప్పి సగం తగ్గుతుంది.

పనితనం దూరంలో లేదు. బోట్ల నావిగేటర్లకు, మెరైన్ ఫిట్టర్లకు శిక్షణనిచ్చే కేంద్ర సంస్థ సిఫ్‌నెట్ 1963లో కొచ్చిలో మొదలైంది, దాని శాఖ ఒకటి విశాఖపట్నంలో ఉంది. ఎచ్చెర్ల నుంచి అది సుమారు వంద కిలోమీటర్లు. ఊళ్లలోనూ చేతులున్నాయి. ఈ తీరం యువకులు ఎందరో గుజరాత్‌లోని వెరావల్ పోయి పెద్ద బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు అలా పోయినవాళ్లే. పెద్ద ఇంజన్ల మధ్య ఏళ్లు గడిపినవాళ్లకు ఈ చిన్న మోటార్ల పని నేర్పడం కష్టం కాదు. నిషేధం రోజుల్లో ఊరికి ఇద్దరిని విశాఖ పంపి, ఒక కంప్రెషన్ గేజి, ఒక టాకోమీటర్, ఒక స్పార్క్ టెస్టర్ సంఘం పేరిట కొనిస్తే, అదే డబ్బుతో రాయితీ మీద ఇచ్చే ఒక కొత్త మోటారు కంటే ఎక్కువ బోట్లకు బలం తిరిగొస్తుంది. కొత్త మోటార్లు వద్దని నేననను. పాతవాటిని ఎవరూ పరీక్షించని ఊళ్లో కొత్తదీ అంతే త్వరగా పాతబడుతుంది.

ఇసుక తీరాలకు తగ్గ పడవ, ఎత్తగలిగే షాఫ్టు కావాలన్న ఆలోచన కొత్తది కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన బంగాళాఖాతం కార్యక్రమం తూర్పు తీరంలో ఒడ్డెక్కే బోట్ల మీద ప్రయోగాలు చేసింది. ఇప్పుడు బుడగట్లపాలెంలోనే ఫిషింగ్ హార్బర్ తలపెట్టారు. సుమారు 365 కోట్ల అంచనాతో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయితే కెరటాన్ని దాటే గండం తప్పుతుంది. అదే సమయంలో ఇంజన్ల జబ్బులూ మారతాయి. ఇన్నాళ్లూ వేట అయ్యాక ఇంటికి చేరిన మోటారు ఇక రాత్రింబవళ్లు ఉప్పునీటిలోనే ఉంటుంది. ఇసుక తినే పంపుకు బదులు కాలు మీద గుల్లలు అంటుకుంటాయి. నీటి దారులు వాటితో మూసుకుపోతాయి. లోహాన్ని కాపాడటానికి కాలుకు బిగించే జింకు ముక్క సగం కరగగానే మార్చాలి, లేకపోతే అల్యూమినియం కరగడం మొదలవుతుంది. ఆ జింకు మీద తెలియక రంగు వేస్తే అది పని చేయదు. లంగరేసినప్పుడల్లా కాలును నీళ్లపైకి ఎత్తి ఉంచాలి. కాబట్టి హార్బర్ పటంలో వేలం హాలు, ఐసు ప్లాంటు ఎక్కడో గీసేటప్పుడే ఇంజన్ షెడ్డు, దాని ముందు మంచినీటి కుళాయి, మోటారు ముంచి నడిపే తొట్టి కూడా గీయాలి. ఆ మాట అడగాల్సింది ఇప్పుడే, కాంక్రీటు పడ్డాక కాదు.